గోడ మీద ఎనిమిది వందల ఆరు

లవీనియా బ్రుసియాని ఉద్యోగం ఊడిపోవాలని సాన్ జెమినియానో పండగ రోజున అరగంట వరసలో నిలబడి మరీ కొవ్వొత్తి వెలిగించాను. ఆయన మా మోదెనాని కాచే సెయింటు. ఒకప్పుడు ఊరి మీదికొచ్చిన సైన్యాన్నే పొగమంచు కప్పి దారి తప్పించాడంటారు. ఒక ఇంజనీరుని సాగనంపడం ఆయనకెంత పని అనుకున్నాను. కోరిక చెప్పుకునేటప్పుడు సిగ్గుపడలేదు. ఇప్పుడూ దాచడం లేదు.

నా పేరు ఎర్మెస్ గొజ్జోలి. అరవై ఒక్క ఏళ్లు. బండికి ఒళ్లు చేసేవాణ్ణి. మా నాన్న ఇసక మూట మీద అల్యూమినియం రేకు పెట్టి సుత్తితో కొట్టి వంపులు తీసేవాడు. నేను అచ్చులో కార్బన్ బట్ట పరిచి తీస్తాను. పదార్థం మారింది కానీ పని అదే. ఫ్యాక్టరీలో చిన్నా పెద్దా అందరూ నన్ను మేస్త్రీ అంటారు. ఇక్కడికి రాకముందు ఇరవై రెండేళ్లు రేసుల్లో తిరిగాను.

మా యజమాని నేరియో ప్రదెల్లి. కుర్రతనంలో రేసులు తోలి, రెండు కాళ్లూ విరగ్గొట్టుకుని, ఆ తర్వాత బండ్లు కట్టడం మొదలుపెట్టాడు. ఏడు కట్టాడు. అన్నీ రేసు బండ్లే. ఎనిమిదోది మాత్రం రోడ్డు మీద తిరగాలన్నాడు. పత్రికలవాళ్లు దాన్ని హైపర్‌కార్ అంటారు, మేం ఎనిమిది అంటాం. వినడానికి ఎంతో కాదు. రేసు బండికి నంబరు ప్లేటు తగిలించి వదలడమే అనిపిస్తుంది. మూడేళ్లు తిన్నది ఆ తగిలించడమే. దీపాలు ఇంత ఎత్తులో ఉండాలి, హారన్ మోగాలి, అద్దాలు కనపడాలి, దారిన పోయేవాడి మోకాలికి తగిలే ప్రతి అంచూ గుండ్రంగా ఉండాలి. పులిని పెంచుకో, గోళ్లు మాత్రం కత్తిరించి తిప్పు అన్నట్టుంటుంది రూలు పుస్తకం.

బండి మీద గాలి ఎలా పోవాలో లెక్క కట్టేందుకు ప్రదెల్లి లవీనియాని తెచ్చాడు. ముప్పై నాలుగేళ్లు. తనూ ఆరేళ్లు రేసుల్లో పనిచేసిందట. ఆ సంగతి ఆవిడ చెప్పక్కర్లేదు. నా బెల్టుకి ఎడమవైపు ఎప్పుడూ ఒక టేపు చుట్ట వేలాడుతుంది. ఆవిడ ఎడమచేతికి అదే చుట్టని గాజులా తొడుక్కుంటుంది. రేసుల్లో బతికినవాళ్లని అలా పోల్చుకోవచ్చు. అక్కడ బండి కదిలే ముందు ఎక్కడ సందు కనపడినా టేపు వేసేస్తాం. తుమ్మొస్తే ముక్కు మూసుకున్నట్టు, ఆలోచన ఉండదు.

మొదటి గొడవ ముందు చక్రం పైన వంపు దగ్గర వచ్చింది. ఆ వంపు మీద నేను నాలుగు నెలలు కూర్చున్నాను. వేలితో తడిమితే ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియదు. ఒకరోజు ఆవిడ వచ్చి దాని నడుమ నల్ల పెన్నుతో జానెడు గీత గీసింది.

"ఇక్కడ కోయండి మేస్త్రీ."

"ఏం కోయాలి?"

"ఇదంతా. చక్రం దగ్గర గాలి ఇరుక్కుంటోంది. దానికి బయటికి దారి కావాలి."

"నాలుగు నెలలు పట్టిందమ్మా ఈ వంపుకి."

"గాలికి మీ నాలుగు నెలలు తెలీవు. రంపం ఎక్కడుంది?"

"నా చేత్తో నేను కొయ్యను."

"మీ చేత్తో కోయమని ఎవరన్నారు? రంపం ఇవ్వండి చాలు."

ఇవ్వలేదు. వెతుక్కుని తెచ్చుకుని తనే కోసింది. కోసిన ముక్కని నా బల్ల మీద పెట్టి వెళ్లింది. అదింకా నా దగ్గరుంది. కోపం తగ్గినట్టనిపించినప్పుడల్లా తీసి చూసుకునేవాణ్ణి.

అక్కణ్ణుంచి మా మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. వెనక రెక్క అంచు ఆవిడ కత్తిలా కావాలంది. రూలు ఒప్పుకోదని నేను మందంగా చేశాను. భోజనాల దగ్గర, నలుగురూ వింటుండగా, "ఈ రెక్క మీద పిండి రుద్దుకుని రొట్టెలు చేసుకోవచ్చు మేస్త్రీ" అంది. "చేసుకోవచ్చు, నీకు వంట వస్తేగా" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

మా గొడవలు ఎలా ఉన్నా బండికి ఒక లెక్క ఉంది. గంటకు రెండు వందల యాభై కిలోమీటర్ల వేగంలో గాలి బండిని ఎనిమిది వందల కిలోల బరువుతో నేలకి ఒత్తి పట్టాలి. అంత బరువు పడితేనే మలుపులో చక్రాలు పట్టు వదలవు. లేకపోతే వెనక భాగం తేలుతుంది. అది తేలిందంటే లోపల కూర్చున్నవాడి బతుకు దేవుడి చేతుల్లోకి పోతుంది.

నవంబరులో నమూనా బండిని గాలి సొరంగానికి తీసుకెళ్లాం. బండి కదలదు, గాలే దాని మీదికొస్తుంది. కింద తూకం చెబుతుంది. తలుపులు, దీపాలు, అద్దాలు అన్నీ అమ్మే బండికి ఉన్నట్టే నా చేత్తో చేసి పెట్టాను. మధ్యాహ్నానికి అంకె వచ్చింది. ఎనిమిది వందల ఆరు. తిరిగొచ్చాక లవీనియా సుద్దముక్క తీసుకుని ఫ్యాక్టరీ గోడ మీద మనిషెత్తు అక్షరాలతో ఆ అంకె రాసింది. ప్రదెల్లి లాంబ్రుస్కో వైను సీసాలు తెప్పించాడు. నాకూ గ్లాసు ఇచ్చారు, తాగాను. గోడ మీది అంకె ఆవిడదే అన్నట్టు అందరూ ఆవిణ్ణే పొగిడారు. ఆ గాలి తగిలిన ఒళ్లు ఎవరు చేశారో ఒక్కడూ అడగలేదు. మర్నాడే కొనుగోలుదారులకిచ్చే పుస్తకంలో ఆ అంకె అచ్చయింది.

ఫిబ్రవరి మొదటి శుక్రవారం ఎనిమిదిని మొదటిసారి ట్రాక్ మీదికి దింపాం. అమ్మే బండి ఎలా ఉంటుందో అలాగే దిగాలి, ఒక్క మరకైనా అదనంగా ఉండకూడదని ప్రదెల్లి షరతు. తోలింది సౌరో. మా పరీక్ష డ్రైవరు, మాట తక్కువ మనిషి. నాలుగు చుట్లు తిరిగి వచ్చి హెల్మెట్ తీసి పైకప్పు మీద పెట్టాడు.

"పెద్ద మలుపులో వెనకాల తేలుతోంది" అన్నాడు.

"తేలదు" అంది లవీనియా.

"నేను లోపలున్నాను ఇంజనీరమ్మా. మీరు బయటున్నారు."

స్ప్రింగులకి పెట్టిన కొలత పరికరాల అంకెలు తీసి చూశారు. ఏడు వందల పన్నెండు. మళ్లీ తిప్పారు, ఏడు వందల తొమ్మిది. మూడోసారి ఏడు వందల పదమూడు. లవీనియా మొహంలో నెత్తురు లేదు. నాకు మాత్రం కడుపు చల్లబడింది. కొవ్వొత్తి వెలిగించి వారమే అయింది, సాన్ జెమినియానో ఇంత చురుకైనవాడని నాకు తెలియదు.

సోమవారం పొద్దున ప్రదెల్లి అందర్నీ గోడ ముందు నిలబెట్టాడు. ఆయన చేతికర్ర ఆ అంకె మీద పెట్టాడు.

"ఇది నా పేరు కింద అచ్చయింది. నేను రేసులు ఓడిపోయాను గానీ ఎప్పుడూ అబద్ధం ఆడలేదు. ఇప్పుడు ఆడినవాణ్ణయ్యాను. ఎవరి పుణ్యం? ఒళ్లు డ్రాయింగు గీతకి తగ్గట్టు లేకపోతే ఎర్మెస్, నీది. లెక్క తప్పయితే అమ్మాయ్, నీది. గురువారం తొమ్మిదింటికి తేలుస్తాను. తప్పు ఎవరిదో వాళ్లు ఆ పూటే తాళాలిచ్చి వెళ్లిపోవాలి."

మంగళవారం బయటినుంచి కొలిచేవాళ్లు వచ్చారు. నేను చేసిన బండి ఒళ్లంతా చుక్క చుక్కకీ కొలిచారు. ఎక్కడా అర మిల్లీమీటరు మించి తేడా లేదు. ఆ కాగితం తీసుకుని నేను కావాలనే లవీనియా బల్ల పక్కనుంచి నడిచాను.

"పెట్టె సర్దుకోవడానికి అట్ట కావాలా ఇంజనీరు గారూ? మా దగ్గర మంచివున్నాయి, గట్టివి."

ఆవిడ తలెత్తలేదు. "మీ అట్టలు మీరే ఉంచుకోండి మేస్త్రీ. ఎవరికి అవసరం పడతాయో ఇంకా తెలీదు."

పొగరు చావలేదు అనుకున్నాను. రెండు రోజులేగా, ఓపిక పట్టాను.

బుధవారం మధ్యాహ్నం సౌరో తన హెల్మెట్ కోసం వచ్చి, వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగాడు.

"మేస్త్రీ, ఎడమ తలుపు ఈల వేస్తోంది."

"ఎక్కడ?"

"కింద అంచు దగ్గర. రెండు వందలు దాటగానే మొదలవుతుంది. కుడివైపు కూడా ఉందేమో, ఇంజన్ మోతలో వినపడదు. ఎవడో నోట్లో వేళ్లు పెట్టుకుని పిలుస్తున్నట్టుంది. కొన్నవాడు గోల పెడతాడు."

"చూస్తాలే" అన్నాను.

అతను వెళ్లాక తలుపు పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. తలుపు కింద అంచుకీ బండి గడపకీ మధ్య నాలుగు మిల్లీమీటర్ల సందు. తలుపు తెరవాలంటే అంత ఉండాల్సిందే. ఈల వస్తోందంటే ఆ సందులోంచి గాలి తోసుకొస్తోందన్నమాట. మూసి చూద్దామని నా ఎడమచెయ్యి దానంతటదే బెల్టు దగ్గరికి పోయింది. చుట్ట లాగింది, బొటనవేలు కొసని వెతికింది. అక్కడ ఆగిపోయింది.

ఆ చెయ్యి సరిగ్గా ఆ పనే, సరిగ్గా ఆ చోటే, నవంబరులో ఒకసారి చేసింది.

సొరంగంలో ఆ పొద్దున నమూనా బండి బూడిదరంగులో ఉంది. నా టేపూ బూడిదరంగే. ఫ్యాన్ తిప్పబోతున్నామని ఎవరో అరిచారు. నేను వంగి రెండు తలుపుల కింద సందులకీ ముందునుంచి వెనక దాకా టేపు వేసేశాను. ఎవరూ వేయమనలేదు. ఎందుకు వేస్తున్నావని ఎవరూ అడగలేదు. అందులో అడగడానికి ఏముంది, గాలికి ఎదురుగా నిలబడే బండికి సందులు మూస్తాం. ఆ టేపు బారుగా తిన్నగా పడాలంటే ఇద్దరుండాలి, ఒకరు కొస పట్టుకోవాలి, ఒకరు అద్దుకుంటూ పోవాలి. నాకు నా చెయ్యి గుర్తుంది, నేల చల్లదనం గుర్తుంది. కొస ఎవరు పట్టుకున్నారో గుర్తులేదు. సొరంగంలో ఎప్పుడూ ఎవరో ఒకరు పట్టుకుంటారు.

రోడ్డు బండికి టేపు ఉండదు. కొన్నవాడు తలుపు తెరుచుకుని పాలపాకెట్టుకి వెళ్లాలి. ఆవిడ లెక్కా తప్పు కాదు, నా ఒళ్లూ తప్పు కాదు. మేం కొలిచింది మేం అమ్మే బండిని కాదు. రేసుల్లో ఒక్క సందు వదిలేసి అరసెకను పోగొట్టుకున్న రోజులున్నాయి నాకు. ఈ రెండు సందులూ తొంభై కిలోలు తినేశాయంటే నేను నమ్మగలను.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. మొదట భయం వేసింది. ఆ వెంటనే, దాచడం లేదని ముందే చెప్పాను కదా, సంతోషం కలిగింది. ఎవరికీ తెలియదు. నోరు మూసుకుంటే చాలు. రేపు తొమ్మిదింటికి ఆవిడ వెళ్లిపోతుంది. తర్వాత నేనే తలుపు అంచుకి రబ్బరు తొడిగి, ఏదో కనిపెట్టినట్టు ఆ సందు మూస్తాను. అంకె పెరుగుతుంది. మళ్లీ లాంబ్రుస్కో వస్తుంది. ఈసారి నాకోసం. కోసి నా బల్ల మీద పడేసిన ఆ ముక్కకి లెక్క సరిపోతుంది.

గురువారం తొమ్మిదింటికి ప్రదెల్లి గదిలో ముగ్గురం కూర్చున్నాం. లవీనియా చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టుకుంది. దాని పక్కన ఒక ఫోటో, బోర్లా. తెల్లటి వీపు తప్ప ఏమీ కనపడడం లేదు.

ప్రదెల్లి కొలతల కాగితం ఊపాడు.

"ఒళ్లు గీతకి తగ్గట్టే ఉంది. అంటే లెక్క నీది తప్పు. ఏమంటావ్?"

"సొరంగంలో నిలబెట్టిన వస్తువుకి ఆ అంకె నిజమే" అంది లవీనియా.

"వస్తువా? బండి అమ్మాయ్, బండి. నేను అమ్మేది బండి."

"తెలుసు."

"తెలిసే రాశావా గోడ మీద? మనిషెత్తు రాశావుగా. నిచ్చెన ఎక్కి మరీ."

ఆవిడ గడియారం వైపు చూసింది. ప్రదెల్లికి జవాబు దొరక్కపోతే గొంతు తగ్గుతుంది, అప్పుడే ఆయన ప్రమాదం. మెల్లగా, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ తిట్టాడు. కంప్యూటరు ముందు కూర్చుని గాలిని చూశాననుకునే రకం అన్నాడు. ఆవిడ వల్ల సౌరో ఆ పెద్ద మలుపులో చచ్చేవాడన్నాడు. ఆ మాటకి ఆవిడ కళ్లు ఒక్కసారి నా వైపు తిరిగి మళ్లీ గడియారం మీద పడ్డాయి. నేను కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాను. నేను మూడేళ్లుగా కోరుకున్న తిట్లు అవే. ఎందుకో ఒక్కటీ రుచించలేదు.

"తాళాలు పెట్టు" అన్నాడు ప్రదెల్లి.

ఆవిడ తాళాలు తీసి బల్ల మీద పెట్టింది.

ప్రదెల్లి అప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఈయన్ని చూసి నేర్చుకోవాల్సింది. అరవై ఏళ్ల మనిషి. అర మిల్లీమీటరు తేడా లేదు. ఎర్మెస్ చెయ్యి అబద్ధం చెప్పదు."

ఆ మాట అనకుండా ఉంటే నేను బయటికి నడిచి వచ్చేవాణ్ణేమో. మా నాన్న గురించి కూడా ఇదే మాట అనేవాళ్లు, ఆయన శవం దగ్గర కూడా అన్నారు. ఆయన చేయి మీద ఉన్న మాట నా చేతి మీద పడేసరికి ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియని కోపం. ప్రదెల్లి చెయ్యి విదిలించేశాను.

"నా చెయ్యి మాట ఎత్తకండి" అన్నాను. "సొరంగంలో తలుపు సందులకి టేపు వేసింది అదే."

"ఏం టేపు?"

బెల్టు నుంచి చుట్ట ఊడదీసి తాళాల పక్కన పెట్టాను. "ఈ టేపు. రెండువైపులా, ముందునుంచి వెనక్కి. ఎవరూ వేయమనలేదు. అలవాటు. నిన్నటిదాకా నాకే గుర్తు రాలేదు. నిన్న గుర్తొచ్చాక నోరు మూసుకుందామనుకున్నాను. ఆ తొంభై కిలోలూ ఆ సందుల్లోంచి పోతున్నాయి. ఆవిడ లెక్క తప్పు కాదు."

ప్రదెల్లి కుర్చీలో వెనక్కి వాలాడు. లవీనియా గడియారం తీసి చేతికి పెట్టుకుంది.

"పదకొండు నిమిషాలు" అంది. "సిగ్గు రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది నీకు."

మూడేళ్లలో మొదటిసారి నన్ను నువ్వు అంది.

"నీకు ముందే తెలుసా?"

"సోమవారం రాత్రే. సొరంగం వాళ్లు తీసిన ఫోటోలన్నీ తెప్పించుకుని చూశాను. నువ్వు చెబుతావా లేదా చూద్దామని ఆగాను. నేను ఆ గడప దాటేలోగా చెప్పకపోతే ఇది తిప్పి చూపించి నిన్ను కూడా నాతో లాక్కుపోయేదాన్ని."

"ఇప్పుడు నేను చెప్పానుగా. నీ తాళాలు నువ్వు తీసుకో."

"నీ వల్ల నిలబడ్డానన్న మాట నాకొద్దు" అంది లవీనియా. "అంతకన్నా ఉద్యోగం పోవడమే మేలు." అని ఫోటో తిప్పింది.

బూడిదరంగు తలుపు. దాని కింద నేను మోకాళ్ల మీద, బట్టతల కనపడేలా వంగి, బొటనవేలితో టేపు అద్దుతున్నాను. ఫోటో ఎడమ చివర, టేపు కొసని బిగించి పట్టుకుని ఒక చెయ్యి ఉంది. మనిషి కనపడదు, మోచేతి దాకా చెయ్యే. మణికట్టుకి గాజులా టేపు చుట్ట.

ప్రదెల్లి దాన్ని దగ్గరికి లాక్కుని చూశాడు. నేనూ చూశాను. కొస పట్టుకున్నవాళ్లు నాకు గుర్తులేరు, పట్టుకున్నట్టు ఆవిడకీ గుర్తులేదట. ఇరవై ఎనిమిదేళ్ల రేసులు ఇద్దరివీ కలిపి, రోడ్డు మీద తిరిగే బండి ముందు కూర్చుని, ఆ బండికి తలుపు తెరుచుకుంటుందన్న సంగతి ఇద్దరం మర్చిపోయాం.

"ఇద్దర్నీ తరిమేస్తే నాకు బండి ఉండదు" అన్నాడు ప్రదెల్లి చివరికి. "ఒక్కర్ని ఉంచుకుంటే మనశ్శాంతి ఉండదు. ఆ చుట్టలు రెండూ ఇక్కడ పెట్టండి."

ఆవిడ మణికట్టు నుంచి చుట్ట తీసి నా చుట్ట పక్కన పెట్టింది. ప్రదెల్లి వాటిని సొరుగులో వేసి తాళం తిప్పాడు. "పుస్తకం మళ్లీ అచ్చు వేయిస్తాను, నిజమైన అంకెతో. గోడ మీది అంకె మీ ఇద్దరూ తుడవండి. అందరూ పనిలో ఉండగానే, ఇప్పుడే. ఏప్రిల్ లోపల టేపు లేకుండా ఎంత తేగలరో తెచ్చి అక్కడ రాయండి. ఆ తర్వాత ఒకర్నొకరు చంపుకోండి, నాకు సంబంధం లేదు."

తుడిచాం. ఆవిడ నిచ్చెన మీద, నేను కింద. నలభై మంది పని ఆపి చూశారు. తడిగుడ్డ పిండిన నీళ్లు నా తల మీద పడ్డాయి. పొరపాటున పడ్డాయని నేను అనుకోవడం లేదు.

ఇప్పుడు మార్చి నెల. తలుపు అంచుకి రబ్బరు తొడుగుతున్నాం. మూసినప్పుడు గాలి దూరకూడదు, తెరిచినప్పుడు చేతికి తగలకూడదు. ఇప్పటికి ఏడు వందల అరవై నాలుగు దాకా వచ్చింది. ఎనిమిది వందలు వస్తుందని నేను అనుకోను. ఆవిడ వస్తుందంటుంది. ఇద్దరం భోజనాల దగ్గర వేరు వేరు బల్లల మీద కూర్చుంటాం. కోసిన ముక్క ఇంకా నా సొరుగులోనే ఉంది. సందు కనపడితే నా చెయ్యి ఇప్పటికీ ఖాళీ బెల్టు తడుముతుంది. ఆవిడ మణికట్టు మీద చుట్ట ఉన్న చోట చర్మం ఇంకా తెల్లగానే ఉంది.

రబ్బరు రెండు మీటర్ల పొడవు. ఒక్కడు తొడిగితే మెలిక పడుతుంది. నిన్న మూడుసార్లు మెలిక పడ్డాక ఆవిడ వచ్చి నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది.

"కొస ఇటివ్వు" అంది. "ఈసారి ఎవరు పట్టుకున్నారో గుర్తుపెట్టుకో."

ఇచ్చాను.